నీటి ధార ఆగితే మోటారు ఆపండి

పడవ వెనక బిగించే పాత అవుట్‌బోర్డు మోటారును ఇంట్లోనే బాగుచేసుకోవచ్చని కిందటి నెల ఇదే పేజీలో ఒక చిన్న జవాబు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. కొత్త పాఠకుల కోసం నా గురించి రెండు మాటలు. మాది పులికాట్ సరస్సుకు ఆంధ్ర వైపు ఒడ్డు. పదిహేడో ఏట మద్రాసు వచ్చి కాశిమేడులో ఒక మెకానిక్ దగ్గర పనికి చేరాను. ముప్పై ఎనిమిదేళ్లు ఈ మోటార్లే విప్పాను, ఇవే బిగించాను. ఇప్పుడు రాయపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఓపిక ఉన్న రోజు పని చేస్తాను. పాత ఇనుముకు వెళ్లే మోటార్లను చూస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వాటిలో చాలావాటిని చంపింది వయసు కాదు. లోపల మిగిలిపోయిన ఉప్పు, ట్యాంకులో మురిగిన పెట్రోలు, సకాలంలో మార్చని ఒక చిన్న రబ్బరు ముక్క.

ప్రశ్న: మా నాన్నగారు సూళ్లూరుపేట దగ్గర పులికాట్‌లో వేటకు వాడిన యమహా 8 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు ఆరేళ్లుగా మూలన పడి ఉంది. ఆయన ఇప్పుడు లేరు. మోటారును పెరంబూరులో మా ఫ్లాట్‌కు తెచ్చుకున్నాను. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. స్కూటర్ ప్లగ్ మార్చడం తప్ప నాకేమీ రాదు. తాడు లాగితే మోటారు తిరుగుతోంది. పెట్రోలు పోసి స్టార్ట్ చేయవచ్చా?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: తమ్ముడూ, పెట్రోలు పోయవద్దు. తాడు కూడా ఇక లాగవద్దు. తాడుకు తిరుగుతోందంటే పిస్టన్లు పట్టేయలేదు, అది మంచి కబురే. కానీ ఆరేళ్లు ఎండిన సిలిండర్ గోడ మీద నూనె పొర ఉండదు. పొడి గోడ మీద రింగులు రాసుకుంటే గీతలు పడతాయి. ఆ గీతలు పడ్డాక ఇంట్లో చేసుకునే పని కాదు.

ముందు రెండు ప్లగ్గులూ విప్పి, ఏది పై సిలిండర్‌దో ఏది కిందిదో రాసి పెట్టుకోండి. వాటి కొనలు చూస్తే ఆ మోటారు చివరిసారి ఎలా నడిచిందో తెలుస్తుంది. లేత కాఫీ రంగులో ఉంటే బాగా నడిచింది. తడిగా నల్లగా ఉంటే నూనె ఎక్కువైంది, లేదా స్పార్క్ బలహీనంగా ఉంది. తెల్లగా పాలిపోయి ఉంటే బాగా వేడెక్కింది. ఒక్కదానికే తుప్పు ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు వచ్చాయి. ఇవి చూశాక రెండు రంధ్రాల్లోనూ ఒక్కో చెంచా టూ స్ట్రోక్ నూనె పోసి, ఒక రాత్రి అలా వదిలేయండి. మర్నాడు పైమూత తీసి ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకే తిప్పాలి. వెనక్కి తిప్పితే కింద నీళ్ల పంపులో రబ్బరు రెక్కలు ఎదురు తిరిగి దెబ్బతింటాయి.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో చూడాలి. మీ వీధిలో బైకు మెకానిక్ ఎవరి దగ్గరైనా దాన్ని కొలిచే గేజి ఉంటుంది, ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. రెండు ప్లగ్గులూ బయటే ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి ఉండాలి. ప్లగ్ వైర్లను ఇంజన్ బాడీకి తగిలించి ఉంచాలి. గాల్లో వదిలేసి తాడు లాగితే స్పార్క్ పుట్టించే సీడీఐ యూనిట్ దెబ్బతినే ప్రమాదం ఉంది. నాలుగైదు సార్లు గట్టిగా లాగి అంకె రాసుకోండి. ఇలాంటి చిన్న పాత మోటార్లలో 90 నుంచి 120 పీఎస్ఐ దాకా వస్తే నేను ధైర్యంగా పని మొదలుపెడతాను. అంకె కంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది 10 లేదా 15 శాతం దాటితే ఇంకేమీ విప్పకుండా ఒకసారి మెకానిక్‌కు చూపించండి.

కంప్రెషన్ బాగుంటే స్పార్క్ చూడండి. ఇది పెట్రోలు దగ్గర లేనప్పుడే చేయాలి. ప్లగ్‌ను వైరుకు తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజన్‌కు ఆనించి, తాడు లాగితే నీలం రంగులో టక్కుమని మెరవాలి. మెరవకపోతే వెంటనే కాయిల్ కొనకండి. అత్యవసరంగా ఆపే ఎర్ర తాడు క్లిప్పు దాని స్విచ్‌లో ఉందో లేదో చూడండి. ఆ క్లిప్పు లేకపోతే మోటారు స్పార్క్ ఇవ్వదు. దాని కోసం కొత్త కాయిల్, కొత్త సీడీఐ కొని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు.

ఇక అసలు పని, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్. ఆరేళ్ల కిందటి పెట్రోలు దాని గిన్నెలో ఆరిపోయి జిగురులా గట్టిపడి ఉంటుంది. పాత ట్యాంకులోదీ, గొట్టంలోదీ అంతా తీసేయండి. గొట్టం, చేత్తో నొక్కే ప్రైమర్ బల్బు, పెట్రోలు పంపులోని పల్చటి డయాఫ్రమ్ మూడూ కొత్తవి వేయండి, బేరం ఆడవద్దు. కార్బొరేటర్ విప్పేముందు ప్రతి దశలో ఫోనుతో ఫోటో తీసుకోండి. మోటారు నెమ్మదిగా నడిచే తీరును సరిచేసే ఐడిల్ స్క్రూను ముందు మెల్లగా లోపలికి బిగిస్తూ, ఆనేదాకా ఎన్ని చుట్లు వెళ్లిందో లెక్కపెట్టి రాసుకోండి. తిరిగి బిగించేటప్పుడు అన్ని చుట్లే వెనక్కి తీయాలి. లోపల పెట్రోలు పోయే జెట్లు ఇత్తడివి, రంధ్రం వెంట్రుకంత ఉంటుంది. సూది, ఉక్కు తీగ పెట్టకండి. రంధ్రం ఏమాత్రం పెద్దదైనా మోటారు తాగే పెట్రోలు లెక్క తప్పుతుంది. స్ప్రే క్లీనర్ కొట్టి నానబెట్టి, గాలి ఊదండి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గుండ్రటి చుక్క కనిపించాలి.

నీళ్ల పంపు, గేరు నూనె గురించి కింది జవాబుల్లో రాశాను. అవి కూడా అయ్యాకే స్టార్ట్ చేయండి. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పైభాగం కోసి, మోటారును బలమైన చెక్క చట్రానికి బిగించి, కాలును, అంటే నీటిలో మునిగే కింది భాగాన్ని, డ్రమ్ములోకి దించండి. ప్రొపెల్లర్‌కు పైన ఉండే అడ్డ రేకు మీదకు జానెడు నీళ్లు ఉండాలి. ప్రొపెల్లర్ విప్పేసి, న్యూట్రల్‌లోనే నడపాలి. నీళ్లు లేకుండా ఒక్క అర నిమిషం కూడా నడపవద్దు. ఈ పని మీ ఫ్లాట్ కింద కారు షెడ్డులో చేయకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన చోట మనిషిని పడేస్తుంది. ఎవరిదైనా ఆరుబయలు స్థలం చూసుకోండి. మొదట మీరు పోసిన నూనె కాలుతుంది కాబట్టి పొగ దట్టంగా వస్తుంది, భయపడకండి.

మీ నాన్నగారి మోటారు అన్నారు కాబట్టి ఒక్క మాట. దాని పైమూత మీద గీతలు, చేతిపిడి దగ్గర అరిగిన రంగు ఉంటే వాటి మీద కొత్త పెయింటు వేయకండి. లోపల అంతా కొత్తగా చేయండి, ఆయన చెయ్యి పడ్డ చోటు అలాగే ఉంచండి.

ప్రశ్న: మా ఆయన ఫైబర్ బోటుకు పాత 40 హార్స్‌పవర్ ఇంజన్ ఉంది. బయల్దేరిన పావుగంటకు పక్కనుంచి వచ్చే నీళ్ల ధార సన్నబడుతోందట, ఆ తర్వాత స్పీడు తగ్గుతోందట. కాసేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే బాగానే పోతోందని, సీజన్ అయ్యాక చూద్దామని అంటున్నారు. నాకు భయంగా ఉంది.
– ఒక సోదరి, ఎన్నూరు

జవాబు: అమ్మా, మీ భయమే నిజం. ఇంజన్ బాగుపడేదాకా ఆయన్ని సముద్రంలోకి పోనివ్వకండి. ఈ జవాబు ఆయనకు చదివి వినిపించండి.

అన్నా, ఇక్కడి నుంచి మీతో మాట్లాడుతున్నాను. ఆ ధార ఊరికే పోయే నీళ్లు కాదు. కింద కాలులో ఉన్న పంపు సముద్రపు నీటిని పైకి తోసి, సిలిండర్ల చుట్టూ తిప్పి బయటకు పంపుతుంది. అందులో కొంచెం మనకు కనపడేలా పక్కనుంచి వస్తుంది. ధార సన్నబడిందంటే సిలిండర్ చుట్టూ నీళ్లు తగ్గాయి. వేడికి పిస్టన్ ఉబ్బి గోడకు పట్టుకుంటోంది, అందుకే స్పీడు తగ్గుతోంది. మీరు ఆపినప్పుడు చల్లారి వదులుతోంది. అలా పట్టుకున్న ప్రతిసారీ పిస్టన్ కొంత చెక్కుకుపోతుంది. ఒకరోజు వదలదు.

ముందు సులువైనది చూడండి. ధార వచ్చే రంధ్రంలోకి సన్నటి నైలాన్ దారం పెట్టి తిప్పండి. ఇసుక రేణువో, ఉప్పు గడ్డో, ఇంజన్ ఒడ్డున ఉన్న రోజుల్లో కందిరీగ పెట్టిన మట్టి గూడో అడ్డుపడి ఉండవచ్చు. అలా అయితే ధార మాత్రమే తగ్గుతుంది, ఇంజన్ వేడెక్కదు. మీది స్పీడు కూడా తగ్గుతోంది కాబట్టి తప్పు పంపులో ఉందనే నేను అనుకుంటున్నాను. నీళ్లు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర లోతు లేని చోట పంపు ఇసుక నీళ్లనే పీలుస్తుంది. ఆ ఇసుకకు పంపు లోపల తిరిగే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) రెక్కలు అరుగుతాయి, అది తిరిగే స్టీలు గిన్నె గీతలు పడుతుంది.

ప్రొపెల్లర్ తీసి, గేరు రాడ్ కలిసే చోటు విడదీసి, కాలు బోల్టులు విప్పితే కాలు కిందకు దిగుతుంది. డ్రైవ్ షాఫ్ట్ మీద పంపు గిన్నె కనిపిస్తుంది. నాలుగు బోల్టులు తీస్తే లోపల రబ్బరు ఇంపెల్లర్. రెక్కలు ఒక పక్కకు వంగిపోయి, వేలితో లాగినా నిటారుగా రాకపోతే దాని పని అయిపోయినట్టే. చూడడానికి బాగున్నా రెండేళ్లు దాటితే మార్చేయండి. రోజూ ఉప్పునీటిలో తిరిగే ఇంజన్‌కు నేను ఏటా మారుస్తాను. కొత్తది పెట్టేటప్పుడు సబ్బు నీళ్లు రాసి, షాఫ్ట్‌ను గడియారం దిశలో తిప్పుతూ గిన్నెను కిందకు నొక్కితే రెక్కలు వాటంతట అవే సరైన వైపు వంగుతాయి. షాఫ్ట్‌కూ ఇంపెల్లర్‌కూ మధ్య ఉండే చిన్న తాళం ముక్క జారిపోకుండా చూసుకోండి. అది లేకపోతే షాఫ్ట్ తిరుగుతుంది, ఇంపెల్లర్ తిరగదు. కాలు తిరిగి పైకి ఎక్కించేటప్పుడు నీళ్ల గొట్టం పంపు మీది రబ్బరులో సరిగ్గా కూర్చోవాలి. షాఫ్ట్ పళ్లు కలవకపోతే బోల్టులతో బలవంతంగా పైకి లాగకండి, ఫ్లైవీల్‌ను గడియారం దిశలో కొంచెం తిప్పితే కలుస్తాయి. పళ్ల పక్కలకే గ్రీజు రాయండి. షాఫ్ట్ నెత్తి మీద గ్రీజు ముద్ద పెడితే అది పైకి పూర్తిగా దూరదు.

పాత ఇంపెల్లర్ రెక్కలు లెక్కపెట్టండి. ఈ మాట నేను ఊరికే చెప్పడం లేదు. 1989లో ఒక ఇంజన్‌కు ఇంపెల్లర్ మార్చాను. పాతదానికి ఒక రెక్క తెగిపోయి ఉంది. తెగిన ముక్క ఎక్కడుందో వెతకకుండా కొత్తది పెట్టి ఇచ్చేశాను. ఒడ్డున ధార బాగానే వచ్చింది. ఆ ముక్క పైకి పోయి సిలిండర్ దగ్గర నీళ్ల దారికి అడ్డుపడింది. నాలుగో రోజు పళవేర్కాడు (పులికాట్) ముఖద్వారం అవతల ఇంజన్ పట్టేసింది. ఇద్దరు మనుషులు రాత్రంతా తెడ్డు వేసి ఒడ్డు చేరారు. ఆ ఇంజన్‌ను నా డబ్బుతో బాగుచేసి ఇచ్చాను. కానీ ఆ రాత్రి వాళ్ల ఇళ్లలో ఎవరూ నిద్రపోలేదు, దానికి నేనేమీ ఇవ్వలేకపోయాను. అప్పటి నుంచి రెక్క ముక్క నా అరచేతిలోకి వచ్చేదాకా పంపు మూయను.

కొత్త ఇంపెల్లర్ పెట్టినా వేడి తగ్గకపోతే ఇంజన్ వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్‌ను తీసి చూడండి. గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసి వేడిచేస్తే, నీళ్లు మరగకముందే అది తెరుచుకోవాలి. ఉప్పు పేరుకుని తెరుచుకోకపోతే మార్చండి, తీసేసి వట్టిగా నడపకండి. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ పది నిమిషాలు మంచినీటిలో నడిపితే ఈ ఉప్పు పేరుకోదు. చెన్నైలో మంచినీళ్లకు కరువు వచ్చే నెలలు నాకూ తెలుసు. రోజూ కుదరకపోతే వారానికి రెండుసార్లైనా, ఒకే డ్రమ్ము నీటితోనైనా చేయండి.

ప్రశ్న: పెట్రోలులో నూనె 50:1 కలపమని కిందటి నెల రాశారు. మా తాతగారి జాన్సన్ మోటారు 1950ల నాటిది. దాని మీది రేకుపై 24:1 అని ఉంది. ఏది సరి? స్కూటర్ 2టీ నూనె వాడవచ్చా? ఇప్పటి ఇథనాల్ పెట్రోలు పాత మోటార్లకు పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, అన్నానగర్

జవాబు: మీ రేకే సరి, నా జవాబు అసంపూర్ణం. 50:1 అని అందరికీ కలిపి రాయడం నా పొరపాటు. దాన్ని నమ్మి ఎవరైనా మీలాంటి మోటారులో పోసి ఉంటే దయచేసి ఆపండి. 1964కు ముందు వచ్చిన జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో చాలావాటికి 24:1 కావాలి. వాటి లోపల సూది బేరింగుల బదులు బుష్‌లు ఉంటాయి, వాటికి నూనె ఎక్కువ కావాలి. తర్వాతి మోటార్లలో ఎక్కువ వాటికి 50:1 సరిపోతుంది. లెక్క ఇలా: 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40, మీ 24:1 అంటే దాదాపు 42. ట్యాంకులో సగం పెట్రోలు పోసి, నూనె పోసి, బాగా కుదిపి, మిగతా పెట్రోలు పోయండి.

స్కూటర్ నూనె వద్దు. గాలితో చల్లబడే స్కూటర్ ఇంజన్ కోసం చేసిన నూనెలో, కాలితే బూడిద మిగిల్చే పదార్థాలు ఉంటాయి. నీళ్లతో చల్లబడే మన మోటారులో ఆ బూడిద పిస్టన్ నెత్తి మీద, ప్లగ్ కొన మీద పేరుకుంటుంది. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్న నూనె కొనండి. అది బూడిద మిగల్చని రకం. ధర ఎక్కువే, కానీ పిస్టన్ ధరతో పోలిస్తే లెక్కలోది కాదు. ఇంకో ఉత్తరంలో ఒకరు కిరోసిన్ గురించి అడిగారు. కిరోసిన్ కోసమే తయారైన ఇంజన్లు వేరే ఉన్నాయి. వాటిలో కూడా పెట్రోలుతో స్టార్ట్ చేసి వేడెక్కాక కిరోసిన్‌కు మారుస్తారు. మామూలు పెట్రోలు మోటారులో కిరోసిన్ పోయకండి.

ఇథనాల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు దాదాపు ప్రతి బంకులోనూ వచ్చేసింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చెన్నై గాలిలో తేమకు కొదవ లేదు. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. మీరు కలిపిన నూనె పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. పీల్చే గొట్టం అడుగున ఉంటుంది కదా, మోటారుకు నూనె లేని నీళ్ల సారా అందుతుంది. నూనె లేని టూ స్ట్రోక్ ఎన్ని నిమిషాలు నడుస్తుందో మీకు తెలుసు. పైగా పాత రబ్బరు గొట్టాలను ఇథనాల్ మెత్తబరుస్తుంది, అవి లోపల పొరలుగా ఊడి జెట్లకు అడ్డుపడతాయి.

అందుకే రెండు వారాలకు సరిపడా మాత్రమే కొనండి. ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ చోటు ఉంటే తేమ చేరుతుంది. వాడే ముందు అడుగు నుంచి కొంచెం తీసి గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. రెండు పొరలు కనిపిస్తే ఆ ట్యాంకు మోటారుకు పెట్టవద్దు. గొట్టాలు ఇథనాల్ తట్టుకునే రకం వేయండి. పని అయ్యాక పెట్రోలు గొట్టం తీసేసి మోటారు తనంతట ఆగేదాకా నడపండి, తర్వాత కార్బొరేటర్ గిన్నె అడుగు స్క్రూ కూడా విప్పి మిగిలింది పట్టేయండి.

ప్రశ్న: 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులో మా ఇంటి కింది అంతస్తు మూడు రోజులు నీటిలో ఉంది. అక్కడున్న 15 హార్స్‌పవర్ మోటారు మునిగింది. తీసి తుడిచి ఎండబెట్టాం. అప్పటి నుంచి ముట్టుకోలేదు. ఇప్పుడు తాడు కదలడం లేదు.
– ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: ఎండబెట్టడమే దాన్ని దెబ్బతీసింది. మీ తప్పు కాదు, ఎవరైనా అదే చేస్తారు. నీళ్లలో ఉన్నంతసేపు ఇనుము అంతగా తుప్పు పట్టదు. బయటకు తీశాక తడి, గాలి రెండూ కలిసినప్పుడు గంటల్లో పడుతుంది. క్రాంక్ బేరింగులు, సిలిండర్ గోడలు ముందు పోతాయి.

ఇప్పుడు ప్లగ్గులు తీసి రంధ్రాల్లో పల్చటి నూనె నింపి వారం వదిలేయండి. రోజూ కొంచెం పోస్తూ ఉండండి. తర్వాత ఫ్లైవీల్ నట్‌కు పానా పెట్టి గడియారం దిశలో చేతి బలంతోనే ప్రయత్నించండి. పైపు తొడిగి లాగకండి, సుత్తితో కొట్టకండి. కదిలినా వెంటనే స్టార్ట్ చేయకండి. తిప్పేటప్పుడు గరగరలాడితే బేరింగులు తుప్పుపట్టాయి, క్రాంక్ విప్పి మార్చాల్సిందే. అది ఇంట్లో చేసే పని కాదని నా అభిప్రాయం. ముందు ఖర్చు లెక్క అడిగి, మోటారు ధరలో సగం దాటితే ఆలోచించుకోండి. కాలు, బ్రాకెట్, మూత, కార్బొరేటర్ అయితే ఇంకొకరికి పనికొస్తాయి.

ఇకముందు ఎవరి మోటారైనా నీటిలో పడితే ఇలా చేయండి. తీసిన వెంటనే మంచినీటితో లోపలా బయటా కడగండి. ప్లగ్గులు తీసి, రంధ్రాలు కిందకు ఉండేలా వంచి, మెల్లగా తిప్పి నీళ్లు కార్చేయండి. మోటారు నడుస్తుండగా మునిగితే నీళ్లు పీల్చుకుని కనెక్టింగ్ రాడ్ వంగి ఉండవచ్చు. తిప్పేటప్పుడు ఎక్కడైనా అడ్డం తగిలితే అక్కడితో ఆపేయండి. అడ్డం లేకపోతే కార్బొరేటర్, గొట్టాలు ఖాళీ చేసి, సిలిండర్లలో నూనె పోసి తిప్పి, వైర్ల కనెక్షన్లు ఆరబెట్టి, రెండు మూడు గంటల్లోపు స్టార్ట్ చేసి కనీసం అరగంట నడపండి. ఆ వేడికే లోపలి తడి పోతుంది. వెంటనే చేసే వీలు లేకపోతే, వినడానికి వింతగా ఉన్నా, మెకానిక్ దొరికేదాకా మంచినీళ్ల డ్రమ్ములో ముంచే ఉంచండి.

ప్రశ్న: కాలు బోల్టు తల తెగిపోయింది. డ్రిల్ వేయనా?
– ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: ఆగండి. స్టీలు బోల్టు, అల్యూమినియం బాడీ, మధ్యలో ఉప్పునీరు. ఈ మూడూ కలిసిన చోట అల్యూమినియం తెల్లటి పొడిగా మారి బోల్టును బిగబట్టేస్తుంది. ఇంకా కొంచెం కాడ బయట ఉంటే రెండు రోజులు పొద్దునా సాయంత్రం తుప్పు వదిలించే నూనె కొట్టండి. హీట్ గన్‌తో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియంను వేడిచేయండి. అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు వదులుతుంది. పెట్రోలు ట్యాంకు, గొట్టం ముందే దూరంగా పెట్టండి. తర్వాత వైస్ ప్లయర్‌తో ముందు వెంట్రుకవాసి బిగించి, అప్పుడు వదులు చేయండి. కదిలితే సగం చుట్టు తీసి మళ్లీ పావు చుట్టు బిగించండి, నూనె కొట్టండి, మళ్లీ తీయండి. ఒక్క బోల్టుకు గంట పట్టినా అది మంచి గంటే.

కాడ ఏమీ మిగలకపోతే లేత్ పని చేసేవాళ్లకు ఇవ్వండి. చేత్తో డ్రిల్ వేస్తే గట్టి స్టీలు మీద నుంచి మెత్తటి అల్యూమినియంలోకి జారుతుంది. కొత్త బోల్టుకు, అది మళ్లీ పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ పూసి బిగించండి. అన్నట్టు, మోటారుకు బిగించి ఉండే బూడిదరంగు జింకు దిమ్మను ఒకసారి చూడండి. ఉప్పునీరు మిగతా లోహాన్ని వదిలి దాన్ని తినాలనే పెట్టారు. సగం అరిగితే మార్చాలి. కొందరు అందం కోసం దానికి కూడా పెయింటు వేస్తారు, వేస్తే అది పనిచేయదు.

ప్రశ్న: గేరు నూనె పాల టీ రంగులో వచ్చింది. నడపవచ్చా?
– ఒక పాఠకురాలు, మైలాపూరు

జవాబు: వద్దమ్మా, నీళ్లు కలిశాయి. ముందు ప్రొపెల్లర్ తీసి షాఫ్ట్ చుట్టూ చూడండి. గాలపు దారమో, వల నైలానో చుట్టుకుని ఆయిల్ సీల్‌ను కోసి ఉంటుంది. నేను చూసినవాటిలో సగానికి పైగా కారణం అదే. సీల్ మార్చి, పాత నూనె అంతా కార్చి, కాలు గేర్ల కోసం వచ్చే మెరైన్ గేరు నూనె పోయాలి. కింది స్క్రూ రంధ్రం నుంచే పైకి ఎక్కించాలి. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా నూనె వచ్చాక ముందు పైది, తర్వాత కిందిది బిగించండి. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. స్క్రూల కింది చిన్న వాషర్లు కొత్తవి వేయండి. కార్చిన నూనెలో మెరిసే పొడి కొంచెం ఉంటే మామూలే, వేలికి తగిలే ముక్కలు ఉంటే గేర్లు చూపించండి.

ప్రశ్న: నా పాత ఎవిన్‌రూడ్ ఏ సంవత్సరానిదో తెలియదు. చెన్నైలో స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి?
– ఒక పాఠకుడు, ఆవడి

జవాబు: బ్రాకెట్ మీది రేకు చూడండి. 1980 తర్వాతి జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లకు సంవత్సరం అక్షరాల్లో దాచారు. ఇంగ్లిషులో ‘ఇంట్రడ్యూసెస్’ అనే మాటలోని పది అక్షరాలకు వరసగా 1 నుంచి 9, చివరిదానికి 0. ఐ అంటే 1, ఎన్ 2, టీ 3, ఆర్ 4, ఓ 5, డీ 6, యూ 7, సీ 8, ఈ 9, ఎస్ 0. మోడల్ నంబరు చివర సీ, డీ అని ఉంటే 86, అంటే 1986. ఆ రెండక్షరాల తర్వాత ఒక్కోసారి ఇంకో అక్షరం ఉంటుంది, అది లెక్కలోకి రాదు. ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది, కానీ ఇంపెల్లర్, ప్యాకింగులు, కార్బొరేటర్ కిట్లు వేరే తయారీదారులు ఇంకా చేస్తున్నారు. మోడల్ నంబరు చేతిలో ఉంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

ఆయిల్ సీళ్లు, బేరింగులకు మోటారు బ్రాండు అక్కర్లేదు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి రాసుకుని జార్జిటౌన్‌లో బేరింగు కొట్లలో అడగండి. సీల్ అంచున ఆ అంకెలు చాలాసార్లు ముద్రించే ఉంటాయి. కాశిమేడు హార్బరు చుట్టుపక్కల మెకానిక్కుల దగ్గర పాత మోటార్ల నుంచి తీసిన భాగాలు దొరుకుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం కాలంలో వాళ్లకు రిపేరు పని ఒత్తిడి ఎక్కువ. మీది ఆ రోజుల్లో తీసుకెళ్లకండి. పుదుప్పేటలో బోల్టులు, స్ప్రింగులు, స్టార్టర్ తాడు వంటివి చవక. రబ్బరు సామాను మాత్రం అక్కడ పాతది కొనవద్దు. ఎక్కడికి వెళ్లినా విప్పిన ముక్కను గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్లండి. ఇంపెల్లర్ కొంటే కొట్టులోనే పాతదాని పక్కన పెట్టి రెక్కలు లెక్కపెట్టండి. ఎత్తు, మధ్య రంధ్రం, తాళం గాడి మూడూ కలిస్తేనే డబ్బివ్వండి.